రిజిస్టరులో ఒక వరుస

మృగశిర కార్తె ప్రవేశించి వారం తిరిగేసరికి కృష్ణా డెల్టాలో రెండు పనులు దాదాపు ఒకేసారి మొదలవుతాయి. కాలువలకు నీరు వదలుతారు, బడులు తెరుస్తారు. రైతు నారుమడికి దుక్కి చేసుకునే రోజుల్లోనే, పిల్లవాణ్ణి పొలానికి పంపాలా బడికి పంపాలా అని కూలివాడి ఇంట్లో తర్జనభర్జన జరుగుతుంది. పంచాంగకర్తలకు విద్యాసంవత్సరంతో పనిలేదు. సెలవుల పట్టిక తయారుచేసిన అధికారులకు ఏరువాకతో పనిలేదు. ఈ రెండింటి నడుమ జూన్ నెల ఉత్తరార్ధంలో ఎందరో పిల్లల బతుకు ఏదో ఒక వైపు మొగ్గిపోతుంది.

బందరుకు దక్షిణంగా, కాలువ గట్టుకు ఆనుకుని ఒక క్రైస్తవ ఉన్నత పాఠశాల ఉంది. మంగుళూరు పెంకుల కప్పు, పొడవాటి వసారా, ఆవరణలో నాలుగు మామిడి చెట్లు, ఒక వేప. వేపకొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కే బడిగంట. చర్చి గంట వేరు, దాని మోత వేరు. ఆ రెండింటి తేడా ఊళ్ళోని గొడ్లకు కూడా తెలుసునని అక్కడివారు హాస్యానికి అంటారు. 1988 జూన్‌లో ఆ బడి తెరిచిన రోజున వసారా అంతా రేకు పెట్టెలతో నిండిపోయింది. ప్రతి పెట్టె మీదా ఒక చుట్టిన చాప, ఒక పళ్ళెం, ఒక గ్లాసు. పెట్టె పక్కన ఒక పిల్లవాడు. పిల్లవాడి వెనుక తల్లో, తండ్రో, మేనమామో. వచ్చినవారిలో సగం మంది ఉపవాసంతో బస్సెక్కినవారే. ఆ ఉపవాసానికి భక్తి కారణం కాదు.

క్రైస్తవ పాఠశాలలో సంవత్సరం ప్రార్థనతో మొదలవుతుందని బయటివారు అనుకుంటారు. అది కొంతవరకే నిజం. ప్రార్థన ఉదయం తొమ్మిదిన్నరకు. దానికి గంట ముందుగానే ప్రధానోపాధ్యాయుని గదిలో అసలు ఆరంభం జరిగిపోతుంది. బల్ల మీద గుడ్డబైండు వేసిన పెద్ద పుస్తకం తెరిచి ఉంటుంది. దాన్ని అడ్మిషన్ రిజిస్టరు అంటారు. వరుస సంఖ్య, విద్యార్థి పేరు, తండ్రి లేక సంరక్షకుని పేరు, నివాసం, పుట్టిన తేదీ, మతం, కులం, మాతృభాష, ఇంతకు ముందు చదివిన బడి, చేరిన తరగతి. ఒక మనిషికి ఒక అడ్డ వరుస. ఆ వరుసలో నల్లసిరాతో పడిన మాట పదవ తరగతి ధ్రువపత్రంలోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి కళాశాలకు, ఉద్యోగానికి, పెన్షను కాగితాలకు నడిచిపోతుంది. బోధించిన పాఠం మరచిపోవచ్చు, పాడిన కీర్తన మరచిపోవచ్చు. ఆ వరుసను మాత్రం ఎవరూ మరవనివ్వరు.

ఆ బడి ప్రధానోపాధ్యాయుడు ఆ సంగతి బాగా ఎరిగినవాడు. ఆయన కూడా అదే బడిలో చదువుకున్నవాడే. 1946 జూన్‌లో, మొదటి ఫారంలో చేరడానికి తండ్రి చేయి పట్టుకుని వచ్చినప్పుడు, ఆనాటి ప్రధానోపాధ్యాయుడు పిల్లవాణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసి, పళ్ళు చూపించమని, పదకొండేళ్ళు నిర్ణయించి, 1–7–1935 అని వేశాడు. ఆ రోజున ఆ బడిలో చేరిన పిల్లల్లో చాలామంది జూలై ఒకటినే పుట్టారు. పుట్టుకలు నమోదు కాని పల్లెల్లో ఇది తరతరాల ఆచారం. దేశంలో ఒక తరం ఉద్యోగులు సామూహికంగా జూన్ ఒకటినో జూలై ఒకటినో జన్మించడానికి గ్రహగతులు కారణం కాదు. బడులు తెరిచే నెల కారణం. మొదటి తేదీన పుట్టినవాడు ముందు నెల చివరి రోజున పదవీ విరమణ చేయాలని సర్వీసు నిబంధన. కనుక ఆయన 1993 జూన్ 30న దిగిపోవాలి. ఆ తేదీని ఆయన పదకొండేళ్ళ వయసు నుంచీ మోస్తున్నాడు.

ఆ ఉదయం ఆరవ తరగతిలో చేర్చడానికి వచ్చినవారి వరుసలో ఒక స్త్రీ ఉంది. పులిగడ్డ అవతలి నుంచి, దివిసీమ పల్లె నుంచి తెల్లవారుజామున బయలుదేరి వచ్చింది. గదిలోకి రాగానే ఆమె నమస్కారం పెట్టి, రిజిస్టరు వైపు చూడలేదు, కప్పు వైపు చూసింది.

“బోర్డింగు డాబానా అయ్యా, ఇట్టా పెంకులేనా?”

దివిసీమ తల్లులు ముందుగా అడిగే ప్రశ్న అదే. ఫీజు గురించి తరువాత అడుగుతారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఆ ప్రాంతంలో పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. బతికినవారిలో చాలామంది పక్కా కట్టడంలోనో, తాటిచెట్టు మీదనో బతికారు. బోర్డింగు డాబాయేనని గుమాస్తా చెప్పిన తరువాత ఆమె పిల్లవాణ్ణి ముందుకు తోసింది.

“పుట్టిన తేదీ చెప్పమ్మా.”

“తేదీ తెలవదయ్యా. ఉప్పెన నాటికి బోర్లా పడతన్నాడు. కొంగుతో కట్టుకుని చర్చి డాబా ఎక్కా. వీళ్ళ నాన్న గొడ్ల తలుగులు విప్పి వస్తానని ఎనక్కి ఎళ్ళాడు.”

ఆ వాక్యం అక్కడే ఆగింది. ఎవరూ దాన్ని పూర్తి చేయమని అడగలేదు. ప్రధానోపాధ్యాయుడు వేళ్ళ మీద లెక్క వేశాడు. బోర్లా పడే బిడ్డకు నాలుగు, ఐదు నెలలు. నవంబరు నుంచి వెనక్కి పోతే జూలై. 1–7–1977 అని వ్రాశాడు. తన తేదీ వలె అది పళ్ళు చూసి వేసినది కాదు, ఒక ఊరు మునిగిన రాత్రితో సరిపోలినది. కాగితం మీద రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

పేరు దగ్గర కొంత జాగు జరిగింది. చర్చిలో పాస్టరు అయ్యగారు పెట్టినది పాత నిబంధనలోని ఒక ప్రవక్త పేరు. ఇంట్లో నాయనమ్మ పిలిచేది గ్రామదేవత పేరు. ప్రాథమిక పాఠశాల నుంచి తెచ్చిన కాగితంలో మూడో పేరు, ఆ రెండింటిలో దేనికీ చెందనిది, బహుశా ఆనాటి ఉపాధ్యాయునికి నచ్చినది, ఉంది. కాగితంలో ఉన్నదే ఉండాలని నిబంధన. పిల్లవాడు మూడు పేర్లకూ సమానంగా పలికాడు.

ఆ తరువాతి గడి మతం. దాని పక్కది కులం. అక్కడ కలం ఆగింది.

ఆ ఆగడం వెనుక చాలా చరిత్ర ఉంది. కంపెనీ పాలనలో ఆంధ్రతీరానికి వచ్చిన మిషనరీలలో రాబర్ట్ నోబుల్ ఒకరు. 1841లో వచ్చి, 1843లో బందరులో ఇంగ్లీషు పాఠశాల పెట్టాడు. ఆయన దృష్టి అగ్రవర్ణాల యువకుల మీద; వారు మారితే తక్కినవారు వారి వెంట నడుస్తారన్నది ఆయన అంచనా. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకోగానే పట్టణం అట్టుడికిపోయి, బడి ఖాళీ అయింది. నీరు మాత్రం పల్లానికే పోయింది. తరువాతి దశాబ్దాలలో తెలుగు దేశంలో సంఘాలుగా ఏర్పడినవారిలో అత్యధికులు మాల, మాదిగ పేటలవారు. ఒంగోలు ప్రాంతంలో 1876–78 నాటి కరువు కాలంలో అమెరికన్ బాప్టిస్టు మిషను బకింగ్‌హాం కాలువ పనిలో పేదలకు కూలి చూపింది. కరువు తగ్గాక 1878 జూలైలో ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినట్లు ఆ మిషను చరిత్ర చెబుతుంది. నోబుల్ ఊహించిన త్రోవ అది కాదు. పేటల పిల్లలకు ఊరి బడిలో చోటు లేని కాలంలో వారి కోసం బోర్డింగు పాఠశాలలు వెలిశాయి. మతం ఎంత ఇచ్చింది, పలక ఎంత ఇచ్చింది అని వేరుచేసి తూచడం కష్టం. ఆ పేటల్లోని ముసలివారిని అడిగితే, వారూ తూచలేదనే చెబుతారు.

ఈ చరిత్ర రిజిస్టరులో రెండు గడులుగా కుదించుకుపోయింది. 1936 నాటి ఉత్తర్వులోనే భారతీయ క్రైస్తవుడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడని ఉంది. స్వతంత్రం వచ్చాక 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు మూడవ పేరా ఆ హోదాను హిందువులకు పరిమితం చేసింది; 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డి అని విభజించినప్పుడు, క్రైస్తవులైన షెడ్యూల్డ్ కులాలవారికి సి గ్రూపు అని పేరుపెట్టి ఒక్క శాతం కేటాయించారు. 1977లో రాష్ట్ర ప్రభుత్వం ఉపకార వేతనాల వంటి చట్టబద్ధం కాని రాయితీలను వారికి కూడా వర్తింపజేసింది. ఉద్యోగాల వద్దకు వచ్చేసరికి మాత్రం ఒక గడిలో ఒక మాట వ్రాస్తే పదిహేను శాతం, మరొక మాట వ్రాస్తే ఒక శాతం.

గుమాస్తా ఇరవై ఏళ్ళుగా ఆ గదిలో ఉన్నవాడు. గొంతు తగ్గించి అన్నాడు: “హిందూ అని వేద్దాం సార్. అందరూ వేస్తున్నారు. పిల్లవాడికి తండ్రి కూడా లేడు.”

అందరూ అన్నది అతిశయోక్తి. చాలామంది అన్నది నిజం. ఆదివారం చర్చిలో ఒక పేరు, మండల కార్యాలయంలో ఒక పేరు పెట్టుకుని బతుకుతున్న కుటుంబాలు తీరం పొడవునా ఉన్నాయి. వారిని వంచకులనడం సులువు. అన్నంకుండకు ఎసరు పెట్టవలసిన అగత్యం లేనివారికి మరీ సులువు. ప్రధానోపాధ్యాయునికి ఆ సౌకర్యం లేదు. మరో గంటలో ఆయన మూడు వందల మంది పిల్లల ముందు నిలబడి సత్యం గురించి ప్రార్థన చేయించాలి. ఆ పిల్లలకు తండ్రి వంటి బాధ్యత కూడా ఆయనదే. రెండు బాధ్యతలూ ఒకే కలం అంచున వచ్చి నిలిచాయి.

ఆయన ఆ స్త్రీని కూర్చోమని, ఆమెకు విషయం అంతా విడమరిచి చెప్పాడు. నిబంధనల భాషను ఆమె భాషలోకి తేవడానికి చాలాసేపు పట్టింది. ఇలా వ్రాస్తే ఇది వస్తుంది, ఇది రాదు. అలా వ్రాస్తే అది వస్తుంది, కాని ఎవరైనా విచారణకు వస్తే ఇబ్బంది. ఆమె అడ్డు చెప్పకుండా విన్నది. చివరకు అడిగింది:

“మా అత్త కాలవలో బాప్తిస్మం తీసుకుంది అయ్యా. అంతకు మునుపు ఊరి చెరువులో మా రేవు ఏరే. తీసుకున్నాకా ఏరే. టీ కొట్లో గళాసు మునుపూ ఏరే, ఇప్పుడూ ఏరే. ఊరోళ్ళకి మేం మారినట్టు తెలవదు. గవర్నమెంటోళ్ళకి ఎట్టా తెలిసింది?”

గుమాస్తా నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె పరిహాసమాడలేదు, తెలుసుకోవాలనే అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం ఆ గదిలో లేదు. దేశ రాజధానిలో 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కులాన్ని మతంతో ముడిపెట్టరాదని సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇదే విషయమై మరొక కమిషన్ ఏర్పాటయింది. అవన్నీ ఆ జూన్ ఉదయానికి ఎన్నో ఏళ్ళ తరువాతి మాటలు. దస్త్రాలు నడిచే వేగం ఒకటి, పిల్లలు పెరిగే వేగం ఒకటి.

ప్రధానోపాధ్యాయుడు పుస్తకంలో ఆ రెండు గడులను ఖాళీగా ఉంచి, పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాడు. “ఆదివారం దాకా ఆలోచించుకోమ్మా. ఏది వ్రాయమంటే ఆ ప్రకారం...” అని, మాట పూర్తి చేయలేకపోయాడు. ఏది వ్రాయమంటే అది వ్రాయడానికి తనకు అధికారం ఉందో లేదో ఆయనకే తెలియలేదు. ఎయిడెడ్ పాఠశాల, జీతాలు ప్రభుత్వానివి, ఆస్తి సంఘానిది, రిజిస్టరు తనిఖీ జిల్లా విద్యాశాఖాధికారిది. చుక్క మాత్రమే ఆయన సొంతం.

గంట మోగింది. పిల్లలు మామిడి చెట్ల కింద వరుసలు కట్టారు. పాతవారు కొత్తవారిని మోచేతులతో సర్దారు. తొలిరోజు పాటకు పెద్ద తరగతి పిల్లలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిచారు. ఆ పుస్తకంలో ప్రతి కీర్తన పైనా రాగం, తాళం ముద్రించి ఉంటాయి. పురుషోత్తమ చౌధరి (1803–1890) మొదలైనవారు తెలుగు భజన సంప్రదాయంలోనే క్రీస్తును పాడారు. విదేశీ మతం అని విమర్శించేవారు ఆ పుటలను ఒకసారి తిరగవేస్తే బాగుండును. పిల్లల గొంతులకు రాగలక్షణం తెలియదు. అయినా రాగం చెడలేదు. ఊళ్ళో హరికథ విన్న చెవులే అవి.

ఆ వరుసల్లో అందరూ క్రైస్తవుల పిల్లలు కారు. కాపుల, గౌడుల పిల్లలు, చేపలు పట్టే కుటుంబాల పిల్లలు, ఇద్దరు ముగ్గురు ముస్లిములు. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు రాజ్యాంగం 30వ అధికరణ రక్షణ ఇచ్చింది. ప్రభుత్వ సహాయం పొందే బడిలో ఇష్టం లేనివారిని మతబోధకు కూర్చోబెట్టరాదని 28వ అధికరణ హద్దు గీసింది. ఆ బడిలో బైబిలు పీరియడు నాడు తక్కినవారికి నీతిబోధ తరగతి ఉండేది. నీతిబోధ చెప్పే తెలుగు పండితుడు వైష్ణవుడు, తిరునామం పెట్టుకుని వచ్చేవాడు. ఆయన పాఠంలో నీతి తక్కువ, పద్యాలు ఎక్కువ. కొంతకాలం గడిచేసరికి బైబిలు తరగతి పిల్లలు కూడా కిటికీల దగ్గర చేరడం మొదలైంది. గుంటూరులో లూథరన్ మిషను శిక్షణ పాఠశాలలో తెలుగు బోధించిన గుర్రం జాషువ (1895–1971) ఆయనకు అభిమాన కవి. గుడి తలుపు తెరవని మనిషి గబ్బిలం చేత శివునికి కబురు పంపిన కావ్యాన్ని ఆయన కన్నీళ్ళతో చెప్పేవాడు. ఆ కావ్యం వ్రాసిన కవి పేరు రిజిస్టరులో ఏ గడిలో ఏమని ఉండేదో ఆ పండితుడు ఎన్నడూ ఆలోచించి ఉండడు. ప్రధానోపాధ్యాయుడు మాత్రం ఆలోచించాడు.

ఆ రాత్రి బోర్డింగులో కొత్త పిల్లలకు అన్నం, చారు, గోంగూర పచ్చడి. మొదటి రాత్రి ఎక్కువ తినే పిల్లవాడు ఉండిపోతాడనీ, తినకుండా చేయి కడుక్కున్నవాడు పారిపోతాడనీ వార్డెనుకు ఒక శాస్త్రం ఉంది. దివిసీమ పిల్లవాడు రెండోసారి వడ్డించుకున్నాడు. అర్ధరాత్రి దాటాక తొలకరి గాలి లేచి, కిటికీ తలుపు కొట్టుకుంది. ఆ చప్పుడుకు గదిలో నలుగురు లేచి కూర్చున్నారు. నలుగురూ పులిగడ్డ అవతలివారే. ఉప్పెన నాటికి వారెవరికీ ఊహ తెలియదు. తల్లుల భయాన్ని పాలతో తాగారు కాబోలు. వార్డెను దీపం పట్టుకొచ్చి, తలుపు గడియ వేసి, వారి పక్కన కొంతసేపు కూర్చున్నాడు.

ఆదివారం ఆమె రాలేదు. ఆ తరువాతి ఆదివారం కూడా రాలేదు. నారు పోసే పనులు మొదలైతే కూలి దొరికే రోజును ఎవరూ వదులుకోరు. ఊడ్పులు అయ్యాక, శ్రావణ మాసంలో వచ్చింది. కాళ్ళకు ఒండు, పమిట కొంగులో మూట కట్టిన వేయించిన వేరుశనగలు. బోర్డింగులో ఆ పిల్లవాడితోపాటు చుట్టుపక్కల పది మందికి తలా గుప్పెడు పంచి, ఆఫీసు గదికి వచ్చి నిలబడింది.

“ఏదుంటే అది రాయండయ్యా. ఉన్నది రాయండి. వాడికి రెండు పేర్లు మొయ్యడం నేర్పలేను. మూడు ఉన్నయ్ ఇప్పటికే.”

ప్రధానోపాధ్యాయుడు పెన్సిలు చుక్కను చెరిపి, సిరాతో వ్రాశాడు. ఆయన చేయి వణకలేదు. కాని అది విజయం వంటిది కూడా కాదు. ఒక పదకొండేళ్ళవాడి వాటాలో పద్నాలుగు శాతం ఆ కలం కింద తరిగిపోయిందని ఆయనకు తెలుసు. ఆమెకు తెలియజెప్పిందీ ఆయనే. గుమాస్తా ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. అతడి కోపంలో కూడా న్యాయం ఉంది.

ఆ పిల్లవాడు 1993లో పదవ తరగతి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. బదిలీ ధ్రువపత్రం కోసం జూన్ చివరి రోజున వచ్చాడు. గదిలో ప్రధానోపాధ్యాయుని సొంత వస్తువులు అప్పటికే సంచిలోకి చేరాయి: కళ్ళజోడు డబ్బా, బైబిలు, ఎవరో ఏనాడో ఇచ్చిన గడియారం. సాయంత్రం వీడ్కోలు సభ. అడ్మిషన్ రిజిస్టరు తెరిపించి, ఆయన ఆ వరుసను ధ్రువపత్రంలోకి స్వయంగా ఎక్కించాడు. పుట్టిన తేదీ దగ్గరకు వచ్చి ఆగాడు.

“నీ పుట్టినరోజు రేపు,” అన్నాడు.

“అమ్మ కాదంటదండి. ఏరువాక ముందే పుట్టానంటది.”

“నాది కూడా రేపే,” అన్నాడాయన. పిల్లవాడు దాన్ని ఏమని అర్థం చేసుకోవాలో తెలియక వినయంగా తల ఊపాడు.

సంతకం మీద అద్దుడు కాగితం అదిమి, పత్రాన్ని అతడి చేతికి ఇచ్చాడు. బయట వసారాలో రేకు పెట్టెల చప్పుడు. ఆ ఏటి ఆరవ తరగతివారు ఇంకా వస్తూనే ఉన్నారు. గుమాస్తా రిజిస్టరును తన వైపు తిప్పుకుని, కొత్త పుటలో గీతలు గీయడం మొదలుపెట్టాడు. గుమ్మంలో ఒక తల్లి నిలబడి కప్పు వైపు చూస్తున్నది.